పల్లిపొట్టు మంటతో పుట్టిన చలి

నా మొదటి ఉద్యోగం పొయ్యి మండించి చలి పుట్టించడం. ఈ మాట చెబితే మా మనవలు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజుల్లో నాగర్‌కర్నూల్ సంతంతా నవ్వింది. "పొయ్యి ముట్టిచ్చి సలి పుట్టిస్తరంట! ఇగ దున్నపోతును పాలు పిండుడే తక్కువ" అని మా మిల్లు గేటు ముందు నిలబడి మరీ ఎగతాళి చేసేవాళ్లు.

చల్లదనం యంత్రాల పని నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏది సార్ అని అడుగుతారు. తర్వాతి కాలంలో నేను పెద్ద ఊళ్లలో పెద్ద యంత్రాల దగ్గరే పనిచేశాను, శాలువాలు కూడా కప్పించుకున్నాను. అయినా అడిగినవాళ్లకు ఆ పల్లీల మిల్లు వెనక రేకుల షెడ్డులో గడిచిన ఒక్క ఎండాకాలం గురించే చెబుతాను. మధ్యలో ఎవరైనా గడియారం చూసుకుంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ముందే చెబుతున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. మాది గద్వాల దాటి గట్టు. వానకు ముఖం వాచిన ఊరు. పట్నంలో ఉర్దూలో చదువుకుని, ఆవిరి యంత్రాల పని నేర్చుకుని బయటికి వచ్చాను. "నాగర్‌కర్నూల్‌లో ఒక సేట్ ఏదో వింత యంత్రం కొన్నాడు, నడిపే మనిషి దొరకడం లేదు, పో" అన్నాడు మా వస్తాదు. ఆ వింత ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. పోయాను.

సేట్ సాబ్ చేసేది నూనె వ్యాపారమే గాని ఆయన ప్రాణమంతా మామిడి పండ్ల మీద. కృష్ణ ఒడ్డున తోటలు కౌలుకు పట్టేవాడు. తోటలన్నీ ఒక్కసారే పండుతాయి, ఆ ఎండకు ఒక్కసారే కుళ్లుతాయి. పండును చల్లగా దాచిపెట్టి, ఊళ్లో అందరి పండ్లూ అయిపోయాక నింపాదిగా పట్నం పంపాలని ఆయన కోరిక. బొంబాయిలో విప్పేసిన ఓ పాత ఓడలోని యంత్రాన్ని వేలంలో పట్టుకొచ్చాడు. అది రైల్లో వనపర్తి రోడ్డు స్టేషన్ దాకా వచ్చి, అక్కణ్నుంచి బండ్ల మీద నాగర్‌కర్నూల్ చేరింది. పొడుగాటి ఇనుప గొట్టం, నడుమ సన్నబడి చివరికి మళ్లీ వెడల్పు. వనపర్తిలో జనం దాన్ని చూసి, యుద్ధం ఇక్కడి దాకా వచ్చిందిరో అని పిల్లల్ని ఇళ్లలోకి లాక్కున్నారట. అందుకే మా మిల్లులో దాని పేరు ఫిరంగి.

దాని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నెత్తిన తడి గుడ్డ వేసుకుంటే ఆ తడి ఆవిరైపోతూ నెత్తిని చల్లబరుస్తుంది కదా, ఇదీ అంతే. గాలి చొరబడని ఇనుప తొట్టిలో నీళ్లుంటాయి. ఆ నీళ్ల మీది ఆవిరిని ఎప్పటికప్పుడు లాగేస్తే, నీళ్లు తమలో ఉన్న వేడినే ఖర్చు పెట్టుకుని ఇంకా ఆవిరవుతాయి, మిగిలినవి చల్లబడతాయి. ఆ లాగే పని ఫిరంగిది. బాయిలర్ ఆవిరి దాని సన్నని ముక్కులోంచి మహా వేగంగా దూసుకుపోతూ తొట్టిలోని ఆవిరిని తన వెంట ఈడ్చుకుపోతుంది. చక్రం లేదు, పిస్టన్ లేదు. తొట్టి ఆవిరీ, దాన్ని ఈడ్చిన బాయిలర్ ఆవిరీ రెండూ కండెన్సర్ అనే పెట్టెలో పడతాయి. అక్కడ బావి నీళ్లు వాటిని చల్లార్చి మళ్లీ నీళ్లుగా మారుస్తాయి. అంటే ఒక పక్క మంట కావాలి, ఇంకో పక్క చల్లని బావి కావాలి.

మంట సంగతి చూసేది మా ఫైర్‌మన్. వయసులో నాకు తండ్రంత, నేను కాకా అనేవాణ్ని. పల్లికాయ పొట్టును పారతో పొయ్యిలోకి విసురుతూ బాయిలర్‌తో మాట్లాడేవాడు. "తిను తల్లీ తిను, అత్తగారింటి కోడలు లెక్క మూలుగకు, జర నోరు తెరువు" అనేవాడు. మా ఊరు కన్నడ దేశపు అంచున ఉంది, నా మాటల్లో అప్పుడప్పుడు కన్నడం దొర్లితే మిల్లంతా వినేట్టు వెక్కిరించేవాడు. కోపం వచ్చేది. అయినా ఇంటి నుంచి రొట్టె తెచ్చుకుంటే సగం నాకు పెట్టకుండా ఏనాడూ తినలేదు.

తొట్టిలోని చల్లని నీళ్లు గొట్టాల్లో తిరిగి పక్కనే ఉన్న పండ్ల గదిని చల్లబరచాలి. ఎండాకాలం మొదట్లో గది చల్లబడింది. సేట్ సాబ్ లోపల నిలబడి, "వాహ్, కశ్మీర్!" అని శాలువా తెప్పించుకుని కప్పుకున్నాడు. కశ్మీర్ ఆయన ఎప్పుడూ చూడలేదు. మామిడి గంపలు వరసగా లోపలికి చేరాయి.

అప్పుడే టీకాల సాబ్ వచ్చాడు. నాగర్‌కర్నూల్ మనిషే. సైకిలు, గొడుగు, ఒక రేకు పెట్టె వేసుకుని ఊరూరూ తిరిగి మశూచి టీకాలు వేసే ఉద్యోగం. మందు పట్నం నుంచి సన్నని గాజు గొట్టాల్లో, మంచు ముక్కల మధ్య వచ్చేది. మన ఎండకు దారిలోనే మంచు కరిగేది, వేడి తగిలితే మందు చచ్చేది. చచ్చిన మందూ బతికిన మందూ చూడటానికి ఒక్కతీరే ఉంటాయి. మనిషి చేతి మీద గీరాక, వారానికి పొక్కు లేస్తే బతికున్నట్టు, లేవకపోతే ఉత్తదన్నట్టు.

"నిరుడు లింగాల దిక్కు చెంచోళ్ల పెంటలల్ల టీకాలేసిన" అన్నాడు సేట్ సాబ్‌తో, కుర్చీ వేసినా కూర్చోకుండా. పెంటలంటే నల్లమలలో చెంచుల ఊళ్లు. "ఏండ్లకేండ్లు బతిమిలాడితే చేతులు చాపిన్రు. మందు సచ్చింది, నాకు తెల్వదు. ఒక్కరికి గూడ పొక్కు లేవలే. ఎనకనే రోగమొచ్చింది. పిల్లలు పోయిన్రు సాబ్. ఇప్పుడు నన్ను ఉత్త సూది సాబ్ అంటరు. ఈ యేడు మళ్ల అడివి అంచుకు రోగమొచ్చిందని కబురు. లింగాల సంత నాటికి చెంచోళ్లు మళ్ల ఒక్కసారి వస్తమన్నరు. గీసారి గూడ మందు సచ్చిపోతే ఇగ జన్మల నమ్మరు. మీ గదిల జర జాగియ్యుండ్రి."

"మామిడి పండ్ల పక్కన మశూచి మందా? తౌబా తౌబా!" అని సేట్ సాబ్ చెవులు పట్టుకున్నాడు. తర్వాత కొంచెంసేపు గడ్డం నిమురుకున్నాడు. "మిస్త్రీ, అన్నిటికన్న సల్లటి జాగ ఏది?" అని నన్నడిగాడు.

తొట్టి పక్కన అన్నాను. తొట్టి చుట్టూ పల్లిపొట్టు దట్టించిన చెక్క గూడు ఉండేది. టీకాల సాబ్ రేకు పెట్టె అందులోకి చేరింది. ఆయన రోజూ వచ్చి చూసుకునేవాడు. పెట్టె మీద చెయ్యి వేసి, పసిపిల్ల జ్వరం చూసినట్టు చూసి వెళ్లేవాడు. నేను విసుక్కుంటే, "నీ యంత్రం మీద నమ్మకమే బేటా, నా నసీబు మీదనే లేదు" అనేవాడు.

ఇప్పుడు బావి సంగతికి వస్తాను. మిల్లుకు ఒక బావి ఉంది. ఆ యేడు వానలు సరిగ్గా పడలేదు, నీళ్లు అడుక్కు పోయాయి. కండెన్సర్‌లోంచి బయటికొచ్చిన నీళ్లు మొదట్లో మిల్లు వెనక వాగు గుంతలోకి పారిపోయేవి. మా గట్టులో చెంబెడు నీళ్లు ఒలకబోస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. కాకా అయితే ఆ కాలువ దాటినప్పుడల్లా లెంపలేసుకునేవాడు. ఒకనాడు మిల్లు కూలీలంతా కలిసి పారలు పట్టి, ఆ నీళ్లను మళ్లించి తిరిగి బావిలోకే పారేలా కాలువ తీశారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూలి అడగలేదు. సేట్ సాబ్ అందరికీ బెల్లం పంచాడు. నేను కూడా శభాష్ అన్నాను. పాలమూరులో పుట్టినవాడెవడైనా శభాషే అంటాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఏమీ కాలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి పిల్లలూ, ఏమీ కాలేదు. గది చల్లగానే ఉంది, తొట్టి నీళ్లు పళ్లు జివ్వుమనేలాగే ఉన్నాయి. నీళ్లకొచ్చే ఆడవాళ్లు మాత్రం "మీ బాయి నీళ్లు తాగితే దూప తీరుతలేదు" అని సణిగేవాళ్లు. మా పనికీ ఆ మాటకూ ఏం సంబంధం అనుకున్నాం.

లింగాల సంత ఇంకా కొన్నాళ్లుందనగా, మిట్టమధ్యాహ్నం, ఎండ రేకుల మీద కుతకుతలాడుతుండగా ఫిరంగి గొంతు మారింది. అంతదాకా సన్నగా, ఒకే తీరుగా మోగే మోత కాస్తా గరగరలాడింది. తర్వాత దగ్గులాంటి చప్పుడు. తొట్టి మీద ఒత్తిడి చూపే గడియారం ముల్లు ఎగిరెగిరి పడుతోంది. ఆవిరి కండెన్సర్‌లోకి పోలేక వెనక్కి తిరిగి చల్లని తొట్టిలోకే తోసుకొస్తోంది. చలి పుట్టించే యంత్రం చలిని ఉడకబెడుతోందన్నమాట. నేను ఉరికి పోయి తొట్టి వాల్వు మూశాను. చేతులు కాలాయి.

"ఏమైంది మిస్త్రీ?" కాకా పార పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

"దమ్ము సాలుతలేదు కాకా. ఆవిరి పెంచు."

పెంచాడు. చొక్కా విప్పేసి, తలపాగా బిగించి, పొట్టు మీద పొట్టు కుమ్మరించాడు. బాయిలర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. ఫిరంగి మళ్లీ అందుకుంది! మోత సాఫీగా వచ్చింది. "సూసినవా, కోడలు మాట ఇన్నది" అని కాకా మీసం తిప్పాడు. నేనూ గర్వపడ్డాను. మరునాడు అదే వేళకు మళ్లీ చెడింది. ఈసారి ఎంత పొట్టు వేసినా అందుకోలేదు.

టీకాల సాబ్‌కు కబురు పోయింది. వచ్చాడు. గూట్లోంచి రేకు పెట్టె తీసుకుని, తొట్టిలో మిగిలిన చల్లని నీళ్లు కుండలో పోయించి, ఆ కుండను తడి ఇసుక నింపిన పెద్ద బానలో పెట్టి, పెట్టెను కుండలోకి దించి, మీద తడి గోనె కప్పాడు. పక్కనే కూలబడి చెంబుతో గోనె తడుపుతూ కూర్చున్నాడు. "ఎంతసేపు ఆగుతది గిట్ల?" అని అడిగాడు. ఆయన ముఖం చూడలేక షెడ్డులోకి పోయి గొట్టాలన్నీ విప్పాను. ముక్కులో చెత్త లేదు. ఎక్కడా కారడం లేదు. అన్నీ బాగున్నాయి, అన్నీ బాగుండగా చెడిన యంత్రం కంటే పరేషాన్ పెట్టేది లోకంలో లేదు.

సాయంత్రం నమాజు వేళ టీకాల సాబ్ గోనె తడిపే పని కాకాకు అప్పజెప్పి, వజూ చేసుకోవడానికి బావి దగ్గరికి పోయాడు. చేద వేసి నీళ్లు తోడి చేతులు కడుక్కుంటూ అక్కణ్నుంచే అరిచాడు.

"మిస్త్రీ! బావి కింద గూడ పొయ్యి వెట్టిన్రా ఏంది? నీళ్లు హమామ్ లెక్కనే ఉన్నయి. సలికాలమైతే దువా ఇస్తుంటి!"

పానా కింద పడేసి పరిగెత్తాను. చేదలో చెయ్యి పెట్టాను. థర్మామీటర్ తెచ్చి ముంచాను. అయ్యో, ఎంత పని చేశాం! బావి బావంతా గోరువెచ్చగా ఉంది.

అప్పుడు లెక్క తేలింది. ఈ ఫిరంగికి ఒక గుణముంది. కండెన్సర్ కొంచెం కొంచెం వేడెక్కుతున్నా అది పైకి చెప్పదు, చలి అంతే ఇస్తుంది. కాలు నొస్తున్నా మూలగకుండా బండి లాగే ఎద్దు లాంటిది. ఒక హద్దుంది. ఆ హద్దు దాటిందా, కాడి కింద పడేసి కూలబడుతుంది. మేం కండెన్సర్ నీళ్లను బావిలోకి తిప్పి, ఉన్న కాసిని నీళ్లనూ రోజూ కాచాం. పైగా చలి తగ్గగానే ఆవిరి పెంచాం. పెంచిన ఆవిరి కాసేపు ముందుకు తోసింది నిజమే. కానీ ఆ ఆవిరి వేడంతా చివరికి పోయేదెక్కడికి? ఆ బావిలోకే. ఆవిరి ఎక్కువ ఖర్చు పెడితే చలి ఎక్కువ వస్తుందనుకోవడం తప్పు. ఖర్చు పెట్టిన ఆవిరికి తొట్టిలోంచి ఎంత ఆవిరి వెంట వచ్చిందన్నదే ఈ యంత్రం సామర్థ్యం. తర్వాత పుస్తకాల్లో దీనికి గీతలూ సూత్రాలూ చూశాను. చూసినప్పుడల్లా నాకు ఆ చేద గుర్తొచ్చింది.

కాలువ సంగతి చెబితే కాకా బాన పక్కనే కూలబడ్డాడు. "నీళ్లు ఉత్తగ పార వెడ్తమా బిడ్డా? పాపం గాదా? మంచి జేస్తున్నమనుకుంటిమి గదా" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచే చేశాం కాకా, అన్నాను. నిజంగానే, అంతమంది ఒక్క మంచి పని కోసం చేయి కలపడం నేను మళ్లీ చాలా ఏళ్లు చూడలేదు.

చల్లని నీళ్లెక్కడివి మరి? మిల్లుకు ఎగువన ఒక పెద్దమ్మ పొలముంది. సేద్యమంతా ఆమె చేతి మీదనే. ఆమె బావి లోతు, రాతిలో ఊట, ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. ఆమె వంకాయ మడులు మాత్రం మిల్లుకు దిగువన. కానీ మా మిల్లు పొట్టు ఎగిరి ఆమె మడుల మీద పడుతుందని సేట్ సాబ్‌కూ ఆమెకూ ఎప్పట్నుంచో మాటల్లేవు. మరునాడు పొద్దున్నే నేనూ టీకాల సాబూ పోయాం. ఆమె మోట దగ్గర ఎద్దులకు నీళ్లు పెడుతోంది.

"మీ పొట్టు పడి నా వంకాయ మాడిపోతుంటే అడిగినోడు లేడు" అన్నది, మేం నోరు తెరవకముందే. "ఇయ్యాల మిల్లోళ్లకు నా బాయి యాదికొచ్చిందా?"

"పెద్దమ్మా, నీళ్లు మేం ఉంచుకోం. నీ బాయి నీళ్లు మా పెట్టెలకెల్లి పోయి మళ్ల నీ మడులకే వస్తయి. కాలువ మేమే తీస్తం, ఎద్దులు గూడ మిల్లువే కడ్తం. చుక్క తక్కువ గాదు."

"తక్కువ గాదు, ఎచ్చగైతయి గదా? ఉడికిన గింజ మొలుస్తదా? ఎచ్చటి నీళ్లల్ల సత్తువెక్కడిది?"

"కాలువల పారేసరికి సల్లారుతయి."

"సల్లారకుంటే?"

చల్లారతాయని నా లెక్క. లెక్క తప్పితే ఎండేది ఆమె మడి, నాది కాదు. అప్పుడు టీకాల సాబ్ చెప్పులు విడిచి ముందుకు వచ్చాడు. చెంచు పిల్లల సంగతి చెప్పాడు, మందు సంగతి చెప్పాడు.

"తల్లికి మందేందయ్యా?" పెద్దమ్మ గొంతు మారింది. మశూచిని ఊళ్లో తల్లి అనే అంటారు. ఈ మాట ఆయన ప్రతి ఊళ్లో వినేవాడు, ప్రతి ఊళ్లో వాదించేవాడు. ఆ రోజు వాదించలేదు.

"నాకు గవన్ని తెల్వదమ్మా" అన్నాడు మెల్లగా. "గా మందు సల్లగుంటే బతుకుతది. ఎచ్చగైతే సస్తది. దాన్ని నమ్ముకొని పోరగాండ్లు వస్తున్నరు. గంతే తెలుసు."

ఆమె ఎద్దులను గుంజకు కట్టేసింది. తర్వాత ఇంట్లోకి పోయి, చెంబులో పసుపు నీళ్లు, వేపరొట్ట తెచ్చింది. బావి గట్టున, కాలువ తీయాల్సిన చోట ఆ నీళ్లు ధారగా పోసింది. మశూచి తల్లి పోచమ్మకు మొక్కి సాక పోసేది అట్లాగే. "సల్లంగ సూడు తల్లీ, అందరి పోరగాండ్లను సల్లంగ సూడు" అన్నది. టీకాల సాబ్ తల వంచుకుని ఆమీన్ అన్నాడు.

"తల్లికి సాక వోసేటప్పుడు ఎన్ని చెంబులని ఎవ్వలన్న లెక్క వెడ్తరా? తోడుకోన్రి" అన్నది పెద్దమ్మ మా వైపు తిరిగి. వెంటనే వేలు చూపించింది. "కని నా వంకాయ ఒక్క మొక్క వాడినా, మీ ఫిరంగిని మీ సేటు నెత్తిమీద వెట్టి ఊరేగిస్త. చెప్పుండ్రి."

చెప్పాం. మొన్న బావిలోకి కాలువ తీసిన చేతులే ఈసారి ఎగువ నుంచి కండెన్సర్ దాకా ఒకటి, కండెన్సర్ నుంచి వంకాయ మడుల దాకా ఒకటి తీశాయి. రెండోదాన్ని కావాలనే వంకరలు తిప్పి, వెడల్పుగా, లోతు లేకుండా తీశాం. కాకా పోటీ పడి తవ్వాడు. మోట నీళ్లు వచ్చాయి. ఫిరంగి అందుకుంది గాని మధ్యమధ్య గొణుగుతూనే ఉంది. గది అప్పటికే వేడెక్కి ఉంది, లోపల మామిడి పండ్ల వేడి మీద వేడి. పండు పండుతూ తానే వేడి పుట్టిస్తుందని మీకు తెలుసు.

సేట్ సాబ్ దగ్గరికి పోయి నిజం చెప్పాను. "ఇంత పెద్ద గదికి సలి గావాలంటే ఇది సాలదు సాబ్. తక్కువ అడిగితే బాగ ఇస్తది. పండ్లన్న ఉండాలె, మందన్న ఉండాలె."

ఆయన లేచాడు. గది తలుపు తీయించి లోపలికి పోయి, ఒక గంప ముందు ఆగి, పండొకటి తీసి వాసన చూశాడు. ఆ పండ్ల కోసమే ఆయన ఓడ యంత్రాన్ని వేలంలో తెచ్చుకున్నాడు. బయటికి వచ్చి, "గేటు తెరువుండ్రి, ఊరోళ్లను పిలువుండ్రి. కుళ్లేదాంక సూసుకుంట కూసునుటకు నేనేమన్న పిస్సోణ్నా?" అని కేకలేశాడు. కోపంగా అరుస్తున్నట్టే ఉంది గాని, మొదటి గంప ఆయనే మోసుకొచ్చాడు. మా గేటు ముందు నవ్విన నోళ్లన్నీ ఆ పూట మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తిన్నాయి. పెద్దమ్మ ఇంటికి ఒక గంప సేట్ సాబ్ స్వయంగా పంపాడు. ఆమె తీసుకుంది, బదులుగా వంకాయలు పంపింది. మాటలు మాత్రం ఇద్దరికీ ఆ తర్వాత కూడా లేవు.

గది ఖాళీ అయింది, గొట్టాలు మూసేశాం, తొట్టి ఒక్కదానికే చలి అడిగాం. ఫిరంగి మోత సన్నబడి, ఒకే తీరుకు వచ్చింది. టీకాల సాబ్ రేకు పెట్టెను బానలోంచి తీసి మళ్లీ గూట్లో పెట్టాడు. మందు మధ్యలో ఎంత వేడెక్కిందో, బతికుందో లేదో ఎవరికీ తెలియదు.

సంత రోజుకు నేనూ ఆయన వెంట లింగాల పోయాను. బండిలో తడి ఇసుక బాన, అందులో మా తొట్టి నీళ్ల కుండ, అందులో పెట్టె. దారి పొడుగునా గోనె తడపడమే నా పని. అడవి అంచున చెట్టు నీడలో చెంచులు కూర్చుని ఉన్నారు. తేనె, జిగురు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు. వాళ్లలో ముందుగా ఒక అవ్వ లేచి వచ్చింది. చంకలో మనవరాలు.

"నిరుడు గిట్లనే గీకినవ్ సాబ్" అన్నది. "పొక్కు లేవలే. నా మనవడు పోయిండు."

టీకాల సాబ్ తల ఎత్తలేదు.

"వాడు పోయిననాడు నువ్వు మా పెంటకొచ్చి గుడిసె ముందట కూసోని ఏడిసినవ్. ఉత్తోడైతే ఏడుస్తడా అని నేనే వీళ్లకు చెప్పి తోల్కొచ్చిన. ఇగో, ఈ పిల్లను గూడ నీకే ఇస్తున్న." చిన్న చేతిని ఆయన ముందు చాపింది.

ఆయన గాజు గొట్టం విరిచి మందు తీసి, గీరాడు. ఆ పిల్ల ఏడ్చింది. తర్వాత మిగతా పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు.

వారం గడిచాక పొక్కులు చూడటానికి పోతూ, "రా బేటా, నాకు ఒక్కనికి పోబుద్ధి గాదు" అన్నాడు. ఆ వారం ఆయన సరిగ్గా తినలేదని కాకా చెప్పాడు. నేనూ తినలేదు. పెంట చేరేసరికి అవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఆయన సైకిలు దిగి అక్కడే నిలబడిపోయాడు. అవ్వే లేచి, పిల్లను ఎత్తుకుని ఎదురొచ్చింది. చిన్న భుజం మీద, చుట్టూ ఎర్రగా, నడుమ ముత్యంలా నీరు పట్టి, పొక్కు.

"లేసినయ్ సాబ్" అన్నది. "అందరికి లేసినయ్."

టీకాల సాబ్ మట్టిలో కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చెట్టు వైపు తిరిగి నిలబడ్డాను. నాకు పెద్దమ్మ, కాకా, గంప మోసుకొచ్చిన సేట్ సాబ్, పారలు పట్టిన కూలీలు అందరూ కళ్ల ముందు మెదిలారు. వాళ్లందరినీ అక్కడికి తెచ్చి ఆ పిల్ల భుజం చూపించాలనిపించింది.

"ఈ పిలగాడెవలు?" అని అవ్వ అడిగింది.

"మందును సల్లగ ఉంచినోడు గితనే అవ్వా" అన్నాడు టీకాల సాబ్, తువ్వాలు తీయకుండానే. నేనొక్కణ్నే కాదని చెప్పబోయాను. అంతలో అవ్వ దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కాలిన మచ్చలు పడిన ఆ చేతిని తిప్పి తిప్పి చూసింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. భోజనాల వేళ దాటాక వచ్చిన చుట్టాన్ని అడిగినట్టే అడిగింది.

"నిరుడు యాడున్నవ్ కొడకా?"